బెడ్‌పాన్లు కడిగిన చేతులు – డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు జీవితం

మా శ్రీకాళహస్తికి వాయులింగ క్షేత్రమని పేరు. గర్భగుడిలోకి గాలి వచ్చే దారి లేకపోయినా అక్కడి దీపాల్లో ఒకటి ఎప్పుడూ రెపరెపలాడుతూనే ఉంటుందని పెద్దలు చెబుతారు. గాలి కంటికి కనబడదు. దీపం కదిలితేనే అది ఉన్నట్టు తెలుస్తుంది. ఈ వార్షికోత్సవ సంచికకు ఒక మహనీయుని జీవితం రాయమని మా వార్డెన్ సార్ చెప్పినప్పుడు మేము డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారిని ఎంచుకున్నాం. ఎందుకు ఎంచుకున్నామో చెప్పాలంటే ముందుగా మా సీనియర్ అన్న సంగతి చెప్పాలి.

మా హాస్టల్లోనే ఉండి పదో తరగతి పాసైన ఒక అన్న ఇంటర్లో ఒకేషనల్ గ్రూపు తీసుకుని మెడికల్ ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివాడు. శిక్షణ కోసం ఒక ఆసుపత్రి ల్యాబులో పనిచేశాడు. సంక్రాంతి సెలవులకు ఊరికొచ్చి మమ్మల్ని చూడడానికి హాస్టలుకు వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, మాటిమాటికీ దగ్గుతున్నాడు. ఏమిటని అడిగితే అక్కడి పని గురించి చెప్పాడు. ఆపరేషన్‌లో తీసిన కండ ముక్కలు కుళ్ళిపోకుండా ఫార్మలిన్ డబ్బాల్లో వేసి ల్యాబుకు పంపుతారట. మూత తీయగానే కళ్ళు మండి నీళ్ళు కారతాయట. చాలా ఏళ్ళుగా అక్కడే ఉన్న అటెండరుకు మాత్రం ఆ వాసనే తెలియడం లేదట. కొన్నాళ్ళకు తనకూ అలవాటైపోతుందిలే అని అన్న ధైర్యంగా అన్నాడు. మేమూ అదే నిజమనుకున్నాం.

మరుసటి వారం మా సైన్సు సారుకు ఈ విషయం చెప్పాం. సార్ ముఖం మారిపోయింది. ముక్కుకు వాసన తెలియకపోవడం శరీరం తట్టుకోవడం కాదని, ముక్కు అలసిపోవడమని ఆయన వివరించారు. వాసన తెలియకపోయినా ఆవిరి ఊపిరితిత్తుల్లోకి వెళుతూనే ఉంటుంది. ఆ రోజు స్టడీ అవర్లో ఆయన మాకు సుబ్బారావు గారి కథ మొదలుపెట్టారు. ఆసుపత్రిలో అందరికంటే కింది పని చేసిన మనిషి, ఆసుపత్రి ల్యాబులన్నిటికీ ఒక పరీక్షను ఇచ్చిన శాస్త్రవేత్త, ఈ ఇద్దరూ ఒక్కరేనని అప్పుడే మాకు తెలిసింది.

బాల్యం, చదువు

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. అది ఇప్పుడు పశ్చిమ గోదావరి జిల్లాలో ఉంది. తండ్రి జగన్నాథం గారు, తల్లి వెంకమ్మ గారు. పిల్లలు ఎక్కువ, రాబడి తక్కువ. తండ్రి ఆరోగ్యం బాగాలేక ఇంటి భారమంతా తల్లి మీద పడింది. చిన్నతనంలో సుబ్బారావు గారికి చదువు మీద కంటే డబ్బు సంపాదన మీద మనసు ఉండేదట. కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్ముకుందామని ఇంట్లో చెప్పకుండా బయలుదేరితే తల్లి పట్టుకుని వెనక్కి తెచ్చిందని చెబుతారు. ఆ తల్లి పట్టుదలే లేకపోతే మనకు ఈ శాస్త్రవేత్త లేడు.

మెట్రిక్యులేషన్ ఆయనకు మూడో ప్రయత్నంలో గానీ రాలేదు. మాలో పరీక్ష తప్పిన వాళ్ళు ఈ వాక్యాన్ని రెండుసార్లు చదువుకోవాలని మా కోరిక. తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ చదివి మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. స్నేహితులు, తర్వాత మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు చదువు ఖర్చులకు సాయపడ్డారు. గాంధీజీ పిలుపు విని విదేశీ బట్టలు వదిలి ఖద్దరు కట్టారు. సర్జరీ తరగతికి కూడా ఖద్దరు గౌనుతోనే వెళ్ళడం ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు నచ్చలేదు. రాత పరీక్షలు బాగా రాసినా ఆయనకు ఎంబీబీఎస్ ఇవ్వకుండా దానికంటే తక్కువగా చూసే ఎల్ఎంఎస్ ఇచ్చారు. దాంతో ప్రభుత్వ వైద్య ఉద్యోగం దారి మూసుకుపోయింది.

ఆ తర్వాత మద్రాసులో డాక్టర్ లక్ష్మీపతి గారి ఆయుర్వేద కాలేజీలో అనాటమీ లెక్చరర్‌గా పనిచేశారు. ఆయన సోదరులు ఇద్దరు స్ప్రూ అనే జబ్బుతో కొద్ది రోజుల తేడాలో చనిపోయారు. తిన్నది ఒంటికి పట్టకుండా, రక్తం పలచబడి మనిషి కృశించిపోయే జబ్బు అది. డాక్టరు చదివి కూడా తోబుట్టువులను కాపాడుకోలేకపోయిన బాధ ఆయన్ను పరిశోధన వైపు నడిపింది.

బోస్టన్‌లో రాత్రి పని

కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ, మామగారు కలిసి సాయం చేయగా 1920ల తొలి సంవత్సరాల్లో సుబ్బారావు గారు అమెరికా వెళ్ళారు. బోస్టన్ నగరంలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వైద్యం చదవడానికి చేరారు. భార్య శేషగిరి గారిని ఇంట్లో వదిలి వెళ్ళారు. తర్వాత పుట్టిన కొడుకు పసితనంలోనే కన్నుమూశాడు. ఆ బిడ్డను తండ్రి ఒక్కసారి కూడా చూడలేదు. ఆయన మళ్ళీ స్వదేశానికి తిరిగి రానూ లేదు.

అమెరికాలో ఆయన ఎల్ఎంఎస్ పట్టాకు డాక్టరు ఉద్యోగం దొరకలేదు. పొట్ట గడవాలి, ఫీజులు కట్టాలి. పీటర్ బెంట్ బ్రిగమ్ అనే ఆసుపత్రిలో రాత్రి పూట పోర్టరుగా చేరారు. రోగుల బెడ్‌పాన్లు, మూత్రపు పాత్రలు కడగడం ఆ పని. పగలు క్లాసులు, రాత్రి ఈ పని. మనుషుల శరీర నిర్మాణం విద్యార్థులకు పాఠం చెప్పిన లెక్చరరు అక్కడ పోర్టరుగా పనిచేశారు.

మాలో చాలామంది తల్లిదండ్రులు ఇలాంటి పనులే చేస్తున్నారు. ఆసుపత్రుల్లో ఫ్లోర్లు తుడిచేవాళ్ళు, సీసాలు కడిగేవాళ్ళు, బ్లీచింగ్ కలిపేవాళ్ళు మా ఇళ్ళల్లో ఉన్నారు. ఆసుపత్రికి వచ్చే రోగి కొన్ని రోజులుండి పోతాడు. డాక్టరు రౌండ్సు ముగించి పోతాడు. ఆ గదుల గాలిని ఏళ్ళ తరబడి పీల్చేది వీళ్ళే. సుబ్బారావు గారి జీవితంలో మాకు అన్నిటికంటే దగ్గరగా అనిపించినది ఈ రాత్రి పనే.

నీలి రంగు పరీక్ష

డిప్లొమా పూర్తయ్యాక ఆయన హార్వర్డ్ మెడికల్ స్కూలు బయోకెమిస్ట్రీ విభాగంలో సైరస్ ఫిస్కే గారి దగ్గర పరిశోధనకు చేరారు. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో సులభంగా కొలిచే పద్ధతిని ఇద్దరూ కలిసి 1925లో ప్రకటించారు. ఎముకల జబ్బులు, మూత్రపిండాల జబ్బులు తెలుసుకోవడానికి ఆ కొలత అవసరం. ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అనే పేరుతో అది ప్రపంచమంతటా ఆసుపత్రి ల్యాబుల్లోకి వెళ్ళింది. తర్వాతి తరాల బయోకెమిస్ట్రీ విద్యార్థులు దాన్ని నేర్చుకున్నారు.

పద్ధతి ఇది. రక్తంలోని మాంసకృత్తులను ట్రైక్లోరో అసిటిక్ ఆమ్లంతో విరగ్గొట్టి వడపోస్తారు. వడపోసిన ద్రవంలో ఆమ్లంతో పాటు మాలిబ్డేట్ అనే లవణం కలుపుతారు. దానికి క్షయకరణం చేసే మరో రసాయనం చేరిస్తే నీలి రంగు వస్తుంది. భాస్వరం ఎంత ఎక్కువ ఉంటే నీలి రంగు అంత చిక్కగా ఉంటుంది. ఆ రంగును తెలిసిన పరిమాణంతో పోల్చి లెక్క కడతారు.

ఇంతవరకు చాలా పుస్తకాల్లో ఉంటుంది. మా సైన్సు సారు ఇంకో మాట కూడా చెప్పారు. కొవ్వుల్లో, ఇతర పదార్థాల్లో కలిసిపోయిన భాస్వరాన్ని కూడా కలిపి మొత్తం కొలవాలంటే ముందుగా ఆ పదార్థాన్ని సల్ఫ్యూరిక్ ఆమ్లంతో, నైట్రిక్ ఆమ్లం వంటి వాటితో మరిగించి పూర్తిగా విడగొట్టాలి. అప్పుడు గోధుమ రంగు పొగ, తెల్లటి చిక్కని పొగ లేస్తాయి. రెండూ ఊపిరితిత్తులను కాల్చేవే. కొవ్వును వేరుచేయడానికి వాడే క్లోరోఫామ్ ఆవిరి కాలేయానికి చేటు. అందుకే ఈ పనిని బల్ల మీద కాకుండా పొగను బయటికి లాగేసే గాజు అర లోపల చేయాలి. ల్యాబుల్లో దాన్ని ఫ్యూమ్ హుడ్ అంటారు. పరీక్ష రోగి కోసం. పొగ మాత్రం పరీక్ష చేసే మనిషి వైపు వస్తుంది. ఏ ల్యాబు పరీక్షకైనా ఈ రెండు వైపులూ ఉంటాయని మాకు ఆ రోజు అర్థమైంది.

అదే హార్వర్డ్‌లో ఒక డాక్టరమ్మ

సుబ్బారావు గారు పనిచేసిన ఆ హార్వర్డ్‌లోనే ఆ రోజుల్లో డాక్టర్ ఆలిస్ హామిల్టన్ అనే ఆవిడ ఉండేవారు. 1919లో హార్వర్డ్ అధ్యాపక వర్గంలో చేరిన మొట్టమొదటి మహిళ ఆవిడే. సీసం, పాదరసం, బెంజీన్ వంటి వాటితో పనిచేసే కార్మికులకు ఏ జబ్బులు వస్తున్నాయో ఫ్యాక్టరీలకు, కార్మికుల ఇళ్ళకు స్వయంగా వెళ్ళి తెలుసుకున్నారు. పనిచోట వచ్చే విషాల మీద ఆవిడ రాసిన పెద్ద గ్రంథం కూడా 1925లోనే వెలువడింది. అంటే నీలి రంగు పరీక్ష వచ్చిన సంవత్సరమే.

ఆవిడ చూపిన దారిలో ముఖ్యమైనది ఒకటుంది. కార్మికుడు జాగ్రత్తగా లేడని నిందించడం కంటే విషం గాలిలో కలవకుండా ముందే ఆపడం మేలు. ఈ రెండు విషయాలూ ఒకే విద్యాసంస్థలో ఒకే ఏడాది వెలుగు చూశాయి. కానీ సుబ్బారావు గారి పేరు చేరినన్ని ల్యాబులకు ఆవిడ మాట చేరలేదు.

మందుల గని

నీలి రంగు పరీక్ష ఆయనకు మరో తలుపు తెరిచింది. కండరాల్లో భాస్వరం ఏ రూపంలో ఉందో వెతుకుతూ 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని ఫిస్కే గారితో కలిసి ప్రకటించారు. జర్మనీలో లోమన్ అనే శాస్త్రవేత్త కూడా విడిగా ఏటీపీని కనుగొన్నాడు. మనం జీవశాస్త్రంలో కణశక్తి నగదు అని చదువుకునేది దీన్నే. 1930లో ఆయనకు పీహెచ్‌డీ వచ్చింది. అయినా హార్వర్డ్‌లో స్థిరమైన పదవి దక్కలేదు.

1940లో లెడర్లీ అనే మందుల కంపెనీలో పూర్తికాలం పనికి చేరి పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు. ఆయన నడిపిన బృందాలు 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేశాయి. సోదరుల ప్రాణాలు తీసిన స్ప్రూ జబ్బుకు, గర్భిణుల రక్తహీనతకు అది మందయింది. ఈనాడు అంగన్‌వాడీలో, బడిలో మనం మింగే ఐరన్ మాత్రలో ఫోలిక్ ఆమ్లం కూడా ఉంటుంది. 1947లో వచ్చిన హెట్రజాన్ బోదకాలు జబ్బుకు మందు. మన రాష్ట్రంలో ఇంటింటికీ పంచిన డీఈసీ మాత్ర అదే. 1948లో వచ్చిన ఆరియోమైసిన్ టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో మొదటిది. దాన్ని కనుగొన్న డగ్గర్ గారు సుబ్బారావు గారి విభాగంలోనే పనిచేశారు.

ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి దాని పనిని అడ్డుకునే మందులు కూడా అక్కడే తయారయ్యాయి. వాటిలో ఒకదానితో బోస్టన్‌లో డాక్టర్ ఫార్బర్ 1948లో రక్త క్యాన్సరు ఉన్న పిల్లలకు కొంతకాలం ఉపశమనం కలిగించగలిగారు. ఆ జాతిలోదే మెథోట్రెక్సేట్. ఈనాటికీ ఎందరి ప్రాణాలో నిలబెడుతోంది. ఇక్కడ కూడా అదే రెండు వైపుల విషయం ఉంది. రోగికి మందైన మెథోట్రెక్సేట్, దాన్ని రోజూ ఇంజెక్షనుగా కలిపే నర్సుకు, ఫార్మసిస్టుకు తగలకూడని పదార్థం. గర్భిణులకైతే మరీ ప్రమాదం. అందుకే దాన్ని ప్రత్యేకమైన అరల్లో, గ్లవ్స్ వేసుకుని కలపాలని నియమం.

1948 ఆగస్టులో, న్యూయార్క్‌లో, నిద్రలోనే సుబ్బారావు గారు గుండెపోటుతో మరణించారు. వయసు 53 ఏళ్ళు. ఆయన చేసిన పని ప్రపంచానికి అందినంతగా ఆయన పేరు అందలేదు. శతజయంతి సందర్భంగా 1995లో మన తపాలా శాఖ ఆయన పేర బిళ్ళ విడుదల చేసింది.

ఈనాటి ల్యాబులో

ఆ నీలి రంగు పరీక్ష ఈ రోజుల్లో చాలా ఆసుపత్రుల్లో చేత్తో చేయడం లేదు. అదే మాలిబ్డేట్ సూత్రంతో యంత్రాలు చుక్కలో చిన్న వంతు రక్తరసంతో లెక్క చెప్పేస్తాయి. రంగు తెప్పించే రెండో దశ కూడా చాలా యంత్రాల్లో అక్కరలేదు. రసాయనం తగ్గింది కాబట్టి ఆవిరి కూడా తగ్గింది. కానీ మా అన్న పనిచేసిన గది వేరు. కండ ముక్కలను పరీక్షించే పాథాలజీ విభాగంలో ఫార్మలిన్, జైలీన్ ఇంకా చేతుల మీదుగానే నడుస్తున్నాయి.

ఫార్మలిన్ అంటే నీళ్ళలో కలిసిన ఫార్మాల్డిహైడ్ వాయువు. అది మనుషులకు క్యాన్సరు కలిగించేదేనని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2004లో తేల్చింది. ఎనిమిది గంటల పనిలో సగటున పది లక్షల భాగాల గాలికి 0.75 భాగం మించకూడదని అమెరికా కార్మిక భద్రతా నిబంధన. జైలీన్ తలనొప్పి, కళ్ళు తిరగడం తెస్తుంది. దాని ఆవిరి గాలి కంటే మూడు రెట్లకు పైగా బరువు కాబట్టి కిందికి దిగుతుంది. పైకప్పు దగ్గర ఫ్యాను పెడితే ఆవిరి మనిషి ముఖం మీదుగా పైకి పోతుంది. ఏసీ వేస్తే గది చల్లబడుతుంది గానీ చాలా ఏసీలు అదే గాలిని తిప్పి తిప్పి ఇస్తాయి. మామూలు సర్జికల్ మాస్కు, ఎన్-95 మాస్కు తుంపరలనో ధూళినో ఆపుతాయి గానీ ఆవిరిని ఆపవు. క్రిముల కోసం పెట్టే బయోసేఫ్టీ క్యాబినెట్ ఫిల్టరు కూడా ఆవిరిని పట్టలేదు.

మరి ఏం చేయాలి? మా సారు చెప్పిన వరుస ఇది. మొదటిది, హాని తక్కువ ఉన్నది దొరికితే దాన్ని వాడాలి. జైలీన్ బదులు వాడే ద్రవాలు ఇప్పుడు ఉన్నాయి. రెండోది, అవసరమైనంతే తీసుకుని వెంటనే మూత పెట్టాలి. ఒలికితే వెంటనే తుడిచి, తుడిచిన గుడ్డను మూత ఉన్న డబ్బాలో వేయాలి. మూడోది, ఆవిరి లేచిన చోటనే లాగేసే ఏర్పాటు ఉండాలి. కండ ముక్కలు కోసే బల్లకు కిందికో వెనక్కో గాలి లాగే అమరిక, ఆమ్లాలకు ఫ్యూమ్ హుడ్. నాలుగోది, పనిచేసే ప్రతివాళ్ళకూ, సీసాలు కడిగే ఆయాతో సహా, ఏ సీసాలో ఏముందో తెలిసేట్టు తెలుగులో చీటీ అంటించాలి. బ్లీచింగును ఆమ్లంతో కలిపితే క్లోరిన్ వాయువు వస్తుందని ఆమెకు ఎవరూ చెప్పకపోతే తప్పు ఆమెది కాదు. అందరికంటే చివరిది మాస్కు. అది కూడా ఆవిరిని పీల్చుకునే బొగ్గు గుళిక ఉన్నదై ఉండాలి. చాలాచోట్ల ఈ వరుస తలకిందులై మాస్కుతోనే మొదలై మాస్కుతోనే ముగుస్తోంది.

ఫ్యూమ్ హుడ్ పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి సులువైన దారి ఒకటి ఉంది. దాని అద్దం తలుపు అంచుకు పలచటి టిష్యూ కాగితం ముక్క అంటించాలి. అది లోపలికి వంగితే గాలి లోపలికి పోతున్నట్టు. వేలాడిపోతే బాగుచేయించాలి. సరైన కొలత యంత్రంతోనే తేలుతుంది గానీ రోజూ కంటికి గుర్తుగా ఈ కాగితం చాలు. ఇది విన్నప్పుడు మాకు మన గుడిలో కదిలే దీపమే గుర్తుకొచ్చింది.

2020 మే 7న తెల్లవారుజామున విశాఖపట్నంలో స్టైరీన్ ఆవిరి నిద్రలో ఉన్నవాళ్ళ ప్రాణాలు తీసినప్పుడు దేశమంతా ఉలిక్కిపడింది. రోజుకు కొంచెం కొంచెంగా ఇరవై ఏళ్ళు పీల్చిన ఆవిరి గురించి ఏ పేపర్లోనూ రాదు. అది మనిషి వయసు మీదకో, సిగరెట్టు మీదకో, తలరాత మీదకో పోతుంది.

మేము ఈ విషయాలన్నీ ఒక కాగితం మీద రాసి అన్నకు ఇచ్చాం. అన్న తన ల్యాబు ఇన్‌ఛార్జి మేడమ్ గారికి చూపించాడు. ఆవిడ కోప్పడలేదు. డబ్బాలకు మూతలు, చీటీలు ఆ వారమే వచ్చాయి. గోడకు కింది భాగంలో ఒక ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టారు. గాలి లాగే బల్ల ఇంకా రాలేదు, అడుగుతూనే ఉన్నారు. ఆ పెద్ద అటెండరును ఊపిరి పరీక్షకు పంపారట. ఫలితం ఏమొచ్చిందో అన్న మాతో చెప్పలేదు, మేమూ గుచ్చి అడగలేదు.

ఈ సంవత్సరం మా హాస్టల్ నుంచి నలుగురు అదే కోర్సులో చేరాలనుకుంటున్నారు. ల్యాబు పని మంచి పని, ప్రాణాలు నిలబెట్టే పని. భయపడి మానుకోవాలని మేము చెప్పడం లేదు. బోస్టన్‌లో బెడ్‌పాన్లు కడిగిన ఆ చేతులే ఏటీపీని వెలికితీశాయి. అలాంటి చేతులు ఇవాళ ఏ ఆసుపత్రి వెనుక గదిలో సీసాలు కడుగుతున్నాయో మనకు తెలియదు. వాళ్ళు నిండు నూరేళ్ళు ఊపిరి పీల్చాలి. మీరు ల్యాబులో చేరిన మొదటి రోజున జీతం ఎంతో అడగండి, తప్పు లేదు. దాంతోపాటు గాలి ఎటు పోతుందో కూడా అడగండి. డాక్టర్ సుబ్బారావు గారికి మన హాస్టల్ పిల్లలు ఇవ్వగల నివాళి అదేనని మేము నమ్ముతున్నాం.